ఎవరి తల, ఎవరి మిషను? మైదానంలో, మన్యంలో ఇంటి కటింగు కథ

జుట్టు కత్తిరించుకోవడానికి కూడా చరిత్ర ఉంటుందా అని అడిగేవాళ్లకు ఒక్క సంగతి గుర్తు చేస్తే చాలు. సతారాలో చిన్నప్పటి అంబేద్కర్‌కూ ఆయన అన్నదమ్ములకూ జుట్టు కత్తిరించింది వాళ్ల అక్క. ఆ ఊళ్లో మంగళ్లకు కొదవ లేదు. తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారుగా పనిచేసినవాడు, నాలుగు డబ్బులు ఇచ్చుకోగలిగినవాడే. అయినా మహర్ పిల్లల తల ముట్టుకోవడానికి కత్తెర పట్టినవాడెవడూ ఒప్పుకోడు. అందుకని ఇంట్లో ఆడపిల్ల కత్తెర పట్టింది, తమ్ముళ్ల తలల మీదే పని నేర్చుకుంది, నేర్పరి అయింది. 1930ల్లో రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో అంబేద్కర్ ఈ మాట తనే చెప్పుకున్నాడు. ఆ రచన చిన్న పుస్తకంగా 1990లో అచ్చయింది. చదివినవాళ్లందరూ 1901 నాటి గోరేగావ్ ప్రయాణం గురించి మాట్లాడతారు, బండివాడి గురించి, దొరకని మంచినీళ్ల గురించి మాట్లాడతారు. అక్క చేతిలోని కత్తెర దగ్గర మాత్రం ఎవరూ ఆగరు.

ఆగాలి. ఎందుకంటే ఈ దేశంలో ఇంట్లో జుట్టు కత్తిరించుకోవడం అనే పనికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి వెలివాడది. గ్రామం కాదన్నది గనుక మన పని మనం చేసుకున్న చరిత్ర. రెండోది కొండలది. అక్కడ అసలు మంగలి కులమే లేదు గనుక, జుట్టు కత్తిరించడం అన్నం వండుకోవడంలాగా, ఇల్లు కప్పుకోవడంలాగా అందరూ చేసుకునే పనిగా ఉండిపోయిన చరిత్ర. చేసే పని చూడ్డానికి ఒకటే. గడప ముందు కూచుని ఒకళ్ల తల ఇంకొకళ్ల చేతికి ఇవ్వడమే. అర్థం మాత్రం ఒకటి కాదు. ఈ రెండూ ముంచింగిపుట్టు లాంటి చోట వచ్చి కలుసుకుంటాయి. అక్కడికి పోయేముందు మైదానం సంగతి కొంత చూడాలి.

మైదానపు ఊళ్లో మంగలి ఊరి పనివాడు. కోతల కాలంలో కళ్లం దగ్గర రైతు కొలిచే మేర అతని జీతం. ఏడాది పొడుగునా రైతుల ఇళ్లకు పొది పట్టుకుని పోయి గడ్డాలు గీయాలి, తలలు కత్తిరించాలి, పెళ్లిళ్లలో డోలు, సన్నాయి వాయించాలి, చావు జరిగితే కర్మకు నిలబడాలి. వాళ్ల ఆడవాళ్లు మంత్రసానులుగా కాన్పులు చేయాలి. ఇన్ని చేసి కూడా అతను శూద్రుల్లో అడుగువాడే. ఇవాళ ప్రభుత్వ జాబితాలో నాయీబ్రాహ్మణులు బీసీ 'ఎ' గ్రూపులో ఉన్నారు. మాల తలకో మాదిగ తలకో కత్తి పెట్టిన మర్నాడు ఏ రైతూ తన గడ్డం అతనికి ఇవ్వడు, కళ్లం దగ్గర గింజ రాలదు. అంటే వాడకు రానన్నది మంగలి నోరే అయినా ఆ మాట అనిపించినవాడు ధాన్యం కొలిచేవాడు. మన ఉద్యమాల్లో చాలాసార్లు ఈ తేడా మర్చిపోయి మంగలిని శత్రువుగా నిలబెట్టాం. కేసు పెడితే మొదట దొరికేది కూడా అతనే. అంతమాత్రాన అతని కాదనడం మనకు తగలకుండా పోదు. కానీ దెబ్బ ఎక్కడ మొదలవుతుందో చూడకపోతే కొట్టిన చెయ్యి దాక్కుంటుంది.

రాజ్యాంగ సభకు ఈ సంగతి తెలుసు. దుకాణాలు, హోటళ్లలో కుల వివక్ష ఉండకూడదన్న నిబంధన (ఇవాళ్టి 15వ అధికరణం రెండో క్లాజు) 1948 నవంబర్ 29న చర్చకు వచ్చినప్పుడు 'షాపు' అంటే ఏమిటి అన్న ప్రశ్న లేచింది. సరుకులమ్మే కొట్టు మాత్రమేనా? అంబేద్కర్ ఆ మాటకు చాలా విశాలమైన అర్థం చెప్పాడు. అడిగి వచ్చినవాళ్లకు తన సేవ అందించడానికి సిద్ధపడి కూచున్న ప్రతి చోటూ షాపే. లోపలికి రానివ్వడం ఒక్కటే కాదు, పని చేసిపెట్టడం కూడా అందులోకి వస్తుంది. సతారాలో అక్క చేత క్రాపు చేయించుకున్న పిల్లవాడు పెద్దవాడై, న్యాయశాఖ మంత్రిగా ఆ మాటకు అర్థం చెబుతున్నాడన్నది మనం గుర్తుపెట్టుకుని ఆ చర్చ చదవాలి. తర్వాత 1955 అస్పృశ్యతా నేరాల చట్టం, 1976 సవరణతో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మారినది, తన 6వ సెక్షన్‌లో అంటరానితనం కారణంగా సరుకు అమ్మననడాన్నీ సేవ చేయననడాన్నీ నేరం చేసింది. చట్టం ఉంది. 2001-02లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లోని 565 ఊళ్లలో పరిశోధకులు తిరిగి అంటరానితనం రూపాలను లెక్క వేసినప్పుడు, మంగలి సేవ నిరాకరణ ఆ జాబితాలో ఇంకా ఉంది.

అయితే కత్తెర ఆపడం ఒకవైపే జరిగిందనుకోకూడదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో రైతుకూలీ సంఘాలు దొరలను వెలివేశాయి. చాకలి పోలేదు, మంగలి పోలేదు, జీతగాడు పోలేదు. చాలామంది దొరలు ఊళ్లు వదిలి పట్నాలకు పోయారు. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గడ్డం గీసే చెయ్యి ఆగితే దొరతనం ఎంత తొందరగా మాస్తుందో అక్కడ బయటపడింది. అంతకుముందు 1890లో బొంబాయిలో ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ప్రోద్బలంతో మంగళ్లు వితంతువుల తలలు గొరగబోమని సమ్మె చేశారు. వృత్తివాడు తన కత్తిని ఎవరి మీద పెట్టనంటాడు అన్నదాన్ని బట్టి అది అంటరానితనమూ అవుతుంది, తిరుగుబాటూ అవుతుంది.

ఇంకొక సంగతి. కత్తి రాకపోవడం ఒక అవమానం, బలవంతంగా రావడం ఇంకొకటి. 1996 డిసెంబర్ 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో ఐదుగురు దళితులను హింసించి అందులో ఇద్దరికి గుండు గీశారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 18 నెలల జైలు శిక్ష వేసింది, 2024 ఏప్రిల్ 16న. ఇరవయ్యేడేళ్లు దాటిపోయాక. 2020 జులైలో అదే జిల్లా సీతానగరంలో పోలీస్ స్టేషన్‌లోనే ఒక దళిత యువకుడికి గుండు గీశారు. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ (అమలు 2016 జనవరి 26 నుంచి) బలవంతపు శిరోముండనాన్నీ, మీసాలు తీయించడాన్నీ పేరు పెట్టి నేరాలుగా చేర్చింది. మామూలుగా క్రాపు చేయమంటే మైలపడే పనిముట్టు, అవమానించాలనుకున్నప్పుడు మాత్రం దళితుడి తల దాకా వస్తుంది. మైల అన్నది ఎవరి అవసరాన్ని బట్టి పుట్టి, ఎవరి అవసరాన్ని బట్టి మాయమవుతుందో దీనికి మించిన రుజువు అక్కర్లేదు.

ఇక కొండకు పోదాం. ముంచింగిపుట్టు ఇవాళ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది (ఆ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న). అంతకుముందు విశాఖ జిల్లా పాడేరు డివిజను. ఇంకా వెనక్కి పోతే పక్క కొండలన్నీ, అంటే ఇప్పటి కొరాపుట్ అంతా, మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి కొండల మధ్య గీత గీశారు. పోర్జా, గదబ, కోదు, బగత, కొండదొర, వాల్మీకి జనం గీతకు ఇటూ అటూ ఉండిపోయారు. సంతలు, పెళ్లిళ్లు, ఆదివాసీ ఒడియా మాట, వీటికి ఆ గీత పట్టలేదు.

ఈ గూడేల్లో కులవృత్తిగా మంగలి లేడు. జైపూర్ లాంటి రాజధాని ఊళ్లలో ఒడియా మంగలి కులమైన భండారీలు ఉండేవాళ్లు గానీ, కొండ మీది పది పదిహేను ఇళ్ల గూడేనికి మంగలి ఎందుకొస్తాడు? అక్కడ కళ్లం దగ్గర మేర కొలిచే భూస్వామి లేడు. బావ తల బావమరిది కత్తిరిస్తాడు, పిల్లల తలలు తల్లి చూస్తుంది. సరిహద్దు అవతలి బొండా స్త్రీలు తలలు నున్నగా గొరిగించుకుని పూసల పేటలు చుట్టుకుంటారు. వెరియర్ ఎల్విన్ 1950లో వాళ్ల మీద పుస్తకం వేసినప్పటి నుంచి బయటి ప్రపంచం ఆ తలలను ఫోటోలు తీస్తూనే ఉంది. ఆ గుండు వెనక కులం మంగలి లేడు, ఆ పని మైల కాదు అన్న విషయం మీద మాత్రం ఎవరికీ ఆసక్తి కలగలేదు. గుండు అంటే మనకు దేవుడి మొక్కు, లేదంటే చావు, లేదంటే శిక్ష. అక్కడ అది అలంకారం.

కొండల్లో అంటరానితనం లేదని దీనికి అర్థమా? అలా రాసినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1907లో విశాఖపట్నం జిల్లా గెజిటీరు రాసిన డబ్ల్యు.ఫ్రాన్సిస్, 1909లో 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్' అచ్చువేసిన థర్స్టన్ డొంబుల గురించి రాసిన పేజీలు చూడండి. నేత నేసేవాళ్లు, వాయిద్యాలు వాయించేవాళ్లు, సంతల్లో చిల్లర వర్తకం చేసేవాళ్లు, పైగా దొంగలన్న ముద్ర. వాళ్ల డప్పు లేకుండా కొండ మీద పెళ్లి జరగదు, వాళ్ల చేతి నీళ్లు మాత్రం తాగరు. ఈ జనంలోంచి ఆంధ్ర వైపు ఉన్నవాళ్లు వాల్మీకి పేరు తీసుకున్నారు. ఏజెన్సీ ప్రాంతం వరకు వాళ్లు షెడ్యూల్డు తెగ. గీత దాటి ఒడిశాలో అడుగుపెడితే డొంబులు షెడ్యూల్డు కులం. ఒకే ఇంటిపేరు, ఒకే డోలు, రెండు జాబితాలు. ఈ తేడా కాగితం మీదిది మాత్రమే అనుకోవద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడికి షెడ్యూల్డు కులం హోదా పోతుంది, షెడ్యూల్డు తెగకు అలాంటి షరతు లేదు. కనుక ఇటు గూడెంలో ఆదివారం చర్చికి పోయే వాల్మీకికి సర్టిఫికెట్ మిగులుతుంది, అటు గూడెంలో అదే పాట పాడే చుట్టానికి మిగలదు. రిజర్వేషన్లలో వాల్మీకుల వాటా గురించి ఇతర తెగల్లో ఉన్న అసంతృప్తి నాకు తెలుసు. దాన్ని ఇక్కడ తేల్చబోవడం లేదు. నేను చెప్పేది ఇంతే. మంగలి లేనిచోట కూడా తాకిడి లెక్కలు ఉన్నాయి. కాకపోతే ఆ లెక్కలు కత్తెర చుట్టూ అల్లుకోలేదు, నీళ్ల చుట్టూ అన్నం చుట్టూ అల్లుకున్నాయి.

కత్తెర చుట్టూ లెక్క కొండ ఎక్కింది రోడ్డుతో, ప్రాజెక్టుతో. మాచ్‌ఖండ్ మీద జోలాపుట్టు దగ్గర ఆనకట్ట కట్టి, డుడుమ జలపాతం దిగువన ఒనకడిల్లిలో కరెంటు తీయడం 1955లో మొదలైంది. దాదాపు మూడు వేల కుటుంబాలు నిర్వాసితులయ్యాయి. మైదానం నుంచి మేస్త్రీలు, గుమాస్తాలు, ఇంజనీర్లు, దుకాణదారులు వచ్చారు. వాళ్లకు గడ్డాలు గీయడానికి మంగళ్లూ వచ్చి ఉంటారు, రాకుండా ఎలా ఉంటారు? డబ్బు పడేసి కుర్చీలో కూచునే సెలూన్ అన్నది కొండకు కొత్త. సెలూన్ ఒక రకంగా మేర నుంచి మంగలికి విముక్తి. మనిషికింత అని రేటు రాసిన అట్ట గోడకు తగిలిస్తే, రైతు ముఖం చూడకుండా బతకొచ్చు. పట్నాల్లో దళితులకు మంగలి కుర్చీ దొరికింది చట్టం వల్ల ఎంతో, ఈ నగదు వల్ల కూడా అంతే. కానీ మండల కేంద్రం పట్నం కాదు. ఎవరెక్కడివాళ్లో అందరికీ తెలిసిన చోటు. ఒకే టవలు అందరికీ కప్పుతారా, కుర్చీ ఖాళీగా ఉన్నా కాసేపాగి రమ్మంటారా, చెయ్యి తలకు ఆనకుండా తొందరగా ముగించి పంపిస్తారా? నోటితో కాదనక్కర్లేదు. హాస్టలు రోజుల్లో ఇలాంటి కుర్చీలో కూచున్నవాడికి ఆ ఆనని చెయ్యి బాగా తెలుస్తుంది.

1955 అన్నాను గదా. అంటరానితనం నేరమన్న చట్టమూ, మాచ్‌ఖండ్ కరెంటూ ఒకే ఏడాదివి. రెండూ కొండ దిగి పోయాయి గానీ కొండ మీద వెలగలేదు. లైన్లు విశాఖ వైపు పోతుంటే వాటి కింది గూడేలు దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డీల మీదే ఉన్నాయి. 2018 ఏప్రిల్‌లో దేశంలో కరెంటు లేని ఊరు లేదని ప్రభుత్వం ప్రకటించింది. ఊళ్లో బడి, పంచాయతీ లాంటి చోట్లతో పాటు నూటికి పది ఇళ్లకు కరెంటు ఉంటే ఆ ఊరికి ఉన్నట్టే లెక్క. రెవెన్యూ గ్రామానికి దూరంగా గట్టు మీదున్న గూడెం ఆ లెక్కలో ఊరే కాదు.

అందుకే కొండల్లో మిషను అంటే చాలాకాలం చేతి మిషనే. రెండు ఇనప పిడులు, మధ్యలో స్ప్రింగు, ముందు పళ్లున్న రెండు పలకలు. కింది పలక కదలదు, పిడి నొక్కినప్పుడల్లా పై పలక పక్కకు జరిగి వెంట్రుకను కోస్తుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, కత్తెరకున్నంత నేర్పు అక్కర్లేదు, కొంటే ఒక తరం వస్తుంది. పళ్లు మొద్దుబారితే మాత్రం కోయదు, పీకుతుంది. చిన్నప్పుడు మా నాన్న మిషను కింద కళ్లనీళ్లు పెట్టుకున్నది ఆ పీకుడుకే. మిషను ఆయనదే, నూనె వేయనిదీ ఆయనే! కొబ్బరినూనె వేస్తే జిగురు కట్టి బిగుసుకుపోతుంది. కుట్టు మిషనుకు వేసే పల్చటి నూనే వేయాలి, కిరసనాయిల్లో ముంచి పళ్ల మధ్య వెంట్రుకలు దులపాలి.

కరెంటు మిషనుకు అమెరికాలో లియో వాల్ 1919లో దరఖాస్తు పెట్టి 1921లో పేటెంటు తెచ్చుకున్నాడు. లోపల ఉండేది అయస్కాంతపు తీగచుట్ట. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది గనుక పలక నిమిషానికి ఆరు వేల సార్లు కొట్టుకుంటుంది. ఇది తెలిస్తే ఎంపికలో సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే ఆ రకం మిషను గోడ కరెంటు బలం మీద బతుకుతుంది. లైను చివరి గూడెంలో సాయంత్రం బల్బు ఎర్రగా మినుకుతుంటే ఈ మిషను గిలగిల కొట్టుకుంటుందే గానీ తెగదు. బ్యాటరీ రకంలో చిన్న మోటారు తిరుగుతుంది, బల్బు ఎలా వెలిగినా దానికి పట్టదు. పాత నికెల్ బ్యాటరీలు ఎనిమిదేసి గంటలు చార్జింగు పెడితే కాసేపు ఆడేవి, లిథియం బ్యాటరీలు వచ్చాక ఆ బాధ తగ్గింది. ఫోను చార్జింగు తీగతోనే ఎక్కేది తీసుకుంటే సోలారు పలక ఉన్న ఇంట్లో కూడా పని జరుగుతుంది. కొండ మీది ఇంటికి నేను చెప్పేది ఇదే. సంతల్లో చవగ్గా దొరికే గడ్డం ట్రిమ్మరు చూసి మోసపోవద్దు. దాని పలక సన్నం, మోటారు చిన్నది, ఒత్తయిన తల మీద పెడితే మధ్యలో ఇరుక్కుని ఆగిపోతుంది.

తన తల తానే కత్తిరించుకునేవాళ్లకు తగిలింపు దువ్వెనలు ముఖ్యం. వాటి మీద అంకెలుంటాయి. ఒకటి అంటే జుట్టు 3 మిల్లీమీటర్లు మిగులుతుంది, రెండు అంటే 6, నాలుగు అంటే 13కు కాస్త దగ్గర. ముందు పెద్ద అంకెతో మొదలుపెట్టాలి, తీసిన జుట్టు తిరిగి అతకదు గదా. నూనె తల మీద మిషను నడవదు, తలంటుకుని ఆరాకే పెట్టాలి. రెండు అద్దాలతో ముందు, పక్కలు సరిపోతాయి. మెడ వెనక గీత మాత్రం ఇంకొక మనిషి చేతికి ఇవ్వాల్సిందే.

సొంత మిషను కొనుక్కుంటే సెలూన్‌లో వివక్ష పోతుందని చెప్పే మిత్రులున్నారు. పోదు. మనం అక్కడికి పోవడం మానేస్తాం, అంతే. కుర్చీ మీద హక్కు 15వ అధికరణం ఇచ్చింది, దాన్ని ఒక మిషను ధరకు వదులుకోవడం తెలివి కాదు. అలాగని కుర్చీ కోసం కొట్లాడే రోజున కూడా పిల్లాడి తల పెరుగుతూనే ఉంటుంది, రేపు బడికి పోవాలి. సతారాలో అక్క చేసిన పని ఓటమి అని నేననుకోను. కుర్చీ కోసం కేసు నడుస్తుండగా ఇంట్లో మిషను ఆడటంలో తప్పేమీ లేదు. వీటిలో ఏదో ఒకటే ఉండాలని అడిగేవాళ్లు సాధారణంగా కుర్చీ ఎప్పుడూ దొరికేవాళ్లు.

ఆశ్రమ పాఠశాలల సంగతి వేరుగా చెప్పాలి. అక్కడ నెలకోసారి పిల్లలను వరసలో కూచోబెట్టి ఒకే మిషనుతో అన్ని తలలూ లాగించేస్తారు. అందులో ఒక తలలో తామర ఉంటే వారం తిరిగేసరికి వరస మొత్తానికి ఉంటుంది. 1990ల్లో ఎయిడ్స్ భయంతో సెలూన్లు మడత కత్తి మానేసి మనిషికొక అర బ్లేడుకు మారాయి, ఆ జాగ్రత్త మిషను పళ్ల దాకా రాలేదు. చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ప్రతి తలకూ మధ్య పళ్లను బ్రష్షుతో దులిపి స్పిరిట్‌తో తుడవాలి, ఆరాక చుక్క నూనె వేయాలి. బ్లీచింగు నీళ్లు వాడితే ఉక్కు తుప్పు పడుతుంది. తామర ఉన్న పిల్లాడి తల చివర్న తీయాలి. చివర్న ఎందుకో మిగతా పిల్లల ముందు అరిచి చెప్పకుండా తీయాలి.